సొరంగంలో దెయ్యం లేదు

శుక్రవారం చివరి పీరియడ్ రీడింగ్ క్లబ్బు. ఆ గంట కోసం గువ్వ వారమంతా ఎదురుచూసేది. అది కాస్తా అయిపోయాక కాళ్ళీడ్చుకుంటూ ఇల్లు చేరేది. ఎందుకంటే ఆ వారం కూడా టీచర్ తనను పిలిచి ఉండేది కాదు.

ఆ టీచర్ గువ్వకు అమ్మ.

క్లబ్బు పెట్టింది కూడా అమ్మే. బడి మేడమీద మూతబడి ఉన్న లైబ్రరీ గదిని తెరిపించి, కాళ్ళు విరిగిన కుర్చీలను బయట పడేయించి, బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎంతకీ తేలకపోతే తాళమే బద్దలు కొట్టించింది. వారానికి ఇద్దరు పిల్లలు లేచి, తమకు బాగా నచ్చిన పుస్తకం గురించి చెప్పాలి. విన్నవాళ్ళలో చదవాలనిపించినవాళ్ళు దాన్ని అడిగి తీసుకెళ్ళాలి. ఎవరూ తాము ఒకసారి చెప్పిన పుస్తకం మళ్ళీ చెప్పకూడదు. అంతకు మించి నియమాలేమీ లేవు.

"ఈ వారం ఎవరు చెప్తారు?" అని అమ్మ అడగడం ఆలస్యం, గువ్వ చెయ్యి గాల్లో ఉండేది. అమ్మ చూపు మెల్లగా ఆ చేతి దాకా వచ్చేది. వచ్చి, రోడ్డు మీద గుంటను దాటినట్టు దాన్ని దాటుకుని పక్క చేతి మీద వాలేది. గువ్వ ఎడమ చేత్తో కుడి చెయ్యి పట్టుకుని ఇంకాస్త పైకెత్తింది. మోకాళ్ళ మీద లేచి ఎత్తింది. ఒకసారి "టీచర్, టీచర్" అని గొంతు పోయేలా అరిచింది కూడా. "అరిస్తే అసలు పిలవను" అంది టీచర్. అరవకపోతే మాత్రం పిలిచిందా?

"నన్నెందుకు పిలవవమ్మా?" అని ఇంటికొచ్చాక నిలదీసింది.

అమ్మ పరీక్ష పేపర్లు దిద్దుతోంది. "కూతురని ముందు పిలిచిందంటారు."

"ముందు వద్దులే. అందరూ అయ్యాక చివర్లో పిలువు."

"చివర్లో పిలిస్తే, కూతురికి కావలసినంత టైమిచ్చుకుందంటారు."

"పోనీ మధ్యలో?"

మూల కూర్చుని, రంగు డబ్బాల మూతలు విప్పి బ్రష్షులు కడుక్కుంటున్న నాన్న కిసుక్కున నవ్వాడు. ఆయనది ఇళ్ళకు రంగులు వేసే పని. అమ్మ ఆయన వంక ఒక చూపు చూసేసరికి నవ్వు మింగేశాడు.

"అంత చెప్పాలనుంటే నాకు చెప్పు, వింటాను," అంది అమ్మ, తలెత్తకుండానే ఇంకో పేపరు తిప్పుతూ.

"పేపర్లు దిద్దుకుంటూ వింటావా? నాకక్కర్లేదు. అక్కడే చెప్పాలి."

గువ్వ చెప్పాలనుకున్న పుస్తకం లావుపాటిది, అట్ట ఊడిపోయినది. కొండకు రెండు వైపుల నుంచీ సొరంగం తవ్వే కూలీల కథ. ఒక వైపు తవ్వేవాళ్ళ గుడారాల్లో మేనమామ దగ్గర ఓ పిల్ల ఉంటుంది. రెండు జట్లూ కొండ మధ్యలో కలుసుకోవాలి. కలుస్తారో, పక్కపక్కనే ఒకరినొకరు దాటి వెళ్ళిపోతారో ఎవరికీ తెలియదు. ఒకనాడు ఆ పిల్ల రాతికి చెవి ఆనించి వింటే, అవతలి నుంచి టక్ టక్ అని చప్పుడు. అక్కడికొచ్చినప్పుడల్లా గువ్వకు ఒళ్ళు జలదరించేది. ఆ పుస్తకాన్ని అమ్మ బల్ల మీద ఎన్నిసార్లు పెట్టిందో. ప్రతిసారీ దాని మీద పేపర్ల కట్ట ఒకటి ఎక్కి కూర్చునేది.

ఇలా ఉండగా ఓ వారం మైకు వంతు వచ్చింది. మైకు అంటే గువ్వ తరగతి పిల్లాడే. వాడు గుసగుసలాడితే పక్క తరగతికి వినిపిస్తుందని ఆ పేరు పెట్టారు. వాడికి పుస్తకాలంటే పడదు. క్లబ్బులో ఉంటే చివరి పీరియడ్ లెక్కలు తప్పుతాయని చేరాడు. గురువారం ఇంటర్వెల్లో గువ్వ దగ్గరికొచ్చి బతిమాలాడు.

"ఏదో ఒక పుస్తకం ఇవ్వవే. లేకపోతే మీ అమ్మ నన్ను తినేస్తుంది."

గువ్వ ఆలోచించింది. తనెలాగూ చెప్పలేదు. కనీసం పుస్తకమైనా నలుగురి చేతుల్లో పడుతుంది కదా అనిపించింది. పుస్తకం ఇచ్చి, మెట్ల మీద కూర్చోబెట్టి కథంతా చెప్పింది. వాడు బిస్కెట్లు తింటూ "ఊ, ఊ" అన్నాడు.

శుక్రవారం మైకు లేచి గొంతు సవరించుకున్నాడు. మొదట్లో బాగానే చెప్పాడు. కొండ, గుడారాలు, మేనమామ. చప్పుడు దగ్గరికొచ్చేసరికి గువ్వ ఊపిరి బిగబట్టింది.

"టక్ టక్ మని చప్పుడు!" అన్నాడు మైకు. "ఎవరనుకున్నారు? దెయ్యం! సొరంగంలో చచ్చిపోయిన కూలీ దెయ్యం!"

గది ఘొల్లుమంది. దానితో వాడికి ఊపొచ్చింది. దెయ్యానికి పలుగిచ్చాడు, తల తీసేశాడు, ఒక్కొక్క కూలీనీ వెంటాడించాడు. ముందు వరసలో చిన్నపిల్లలు ఒకరినొకరు పట్టుకుని కేకలు పెట్టారు.

గువ్వ దిగ్గున లేచింది. "అందులో దెయ్యం లేదు! వీడు అబద్ధం చెప్తున్నాడు!"

"కూర్చో," అంది టీచర్.

"అది కాదు టీచర్, అసలు ఆ చప్పుడు..."

"ఒకళ్ళు చెప్తుంటే మధ్యలో లేవకూడదని తెలీదా? కూర్చో."

గువ్వ కూర్చుంది. చెవులు వేడెక్కిపోయాయి. మైకు ముగించగానే చప్పట్లు మారుమోగాయి. "ఇంత ఉత్సాహంగా ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు," అని టీచర్ కూడా చప్పట్లు కొట్టింది.

పుస్తకం కోసం పిల్లలు ఎగబడ్డారు. అయితే తీసుకున్నవాళ్ళు తీసుకున్నట్టే, అక్కడికక్కడే పేజీలు తిప్పి చూసి, తిరిగి తెచ్చి గువ్వ ఒళ్ళో పడేశారు. "దెయ్యం ఏ పేజీలో ఉందే?" అని ఒకరు. "నువ్వే ఆ పేజీలు చింపేసుంటావు," అని ఇంకొకరు. లేని దెయ్యం ఎందుకు లేదో సంజాయిషీ చెప్పుకోవలసిన గతి పట్టింది గువ్వకు.

ఇంటికెళ్ళి సంచీ విసిరికొట్టింది.

"దెయ్యం లేదని నీకు తెలుసు కదమ్మా! తెలిసి కూడా వాడికి చప్పట్లు కొట్టావు!"

అమ్మ సంచీని తీసి మేకుకు తగిలించింది. "నాకు తెలీదు," అంది. "నేనది చదవలేదు."

"నేనూ చదవలేదమ్మా," అన్నాడు నాన్న, మాట తేలిక చేద్దామని.

"నిన్నెవరడిగారు నాన్నా!"

ఆ వారమంతా గువ్వ అమ్మతో ముక్తసరిగా మాట్లాడింది. ఇంట్లో కూడా "సరే టీచర్", "అలాగే టీచర్" అంది. అమ్మ కోప్పడలేదు. అది ఇంకా చిరాకనిపించింది.

తర్వాతి శుక్రవారం క్లబ్బుకు అమ్మ రాలేదు. డ్రిల్లు మాస్టారు వచ్చాడు. "మీ టీచర్‌కి మీటింగట. గోల చెయ్యకుండా కానివ్వండి," అని కిటికీ పక్కన కూర్చుని, వెంట తెచ్చుకున్న ఫుట్‌బాళ్ళకు పంపుతో గాలి కొట్టడం మొదలుపెట్టాడు. "ఎవరు చెప్తారు?" అని అడగనైనా అడగలేదు.

గువ్వ లేచి నిలబడింది. ఇన్నాళ్ళూ మనసులో వందసార్లు చెప్పుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఈ పుస్తకంలో దెయ్యం లేదు," అంది.

"అబ్బా!" అన్నారు నలుగురైదుగురు. మైకు అందరికంటే గట్టిగా అన్నాడు. వెనక నుంచి కుస్, కుస్ మని పంపు చప్పుడు. గువ్వ తొందరపడింది. మేనమామ సంగతి చెప్పకుండానే గుడారాల్లోకి వెళ్ళిపోయింది, మళ్ళీ వెనక్కొచ్చింది. ఒక పిల్ల ఆవలించింది. ఇక ఏం చెయ్యాలో తోచక, వంగి బల్లకు చెవి ఆనించి, వేళ్ళ కణుపులతో మెల్లగా కొట్టింది. టక్. టక్. ఆగి, మళ్ళీ టక్.

పంపు ఆగింది. డ్రిల్లు మాస్టారు ఇటు తిరిగాడు. గదిలో ఎవరూ కదల్లేదు.

"అవతల కూడా మనుషులే," అంది గువ్వ. "కానీ చప్పుడు ఎదురుగా రావట్లేదు. పక్క నుంచి వస్తోంది. అంటే రెండు దారులూ..."

ఇంటి గంట కొట్టారు.

పిల్లలు సంచులు భుజాన వేసుకుని మెట్ల మీదికి ఉరికారు. ఒక్క నిమిషంలో గది ఖాళీ. కళ్ళద్దాల పిల్ల ఒకతె మాత్రం గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చింది.

"కలిశారా లేదా?"

"చదువుకో," అని పుస్తకం ఇచ్చింది గువ్వ. ఏడుపొచ్చినంత పనైంది.

ఇంట్లో అమ్మ అప్పటికే వచ్చి ఉంది. "ఎలా చెప్పావు?" అంది, అదేదో చిన్న సంగతన్నట్టు.

"నేను చెప్పానని నీకెవరు చెప్పారు? మీటింగులో ఉన్నావు కదా."

అమ్మ పెన్ను మూత పెట్టి తీసింది, తీసి పెట్టింది. "మీటింగేం లేదు. స్టాఫ్ రూములో కూర్చున్నా. నేను లేకపోతే నువ్వు హాయిగా చెప్పుకుంటావు, నన్నూ ఎవరూ ఏమీ అనరనుకున్నా. మీటింగని చెప్పమని మాస్టారితో నేనే అన్నాను."

గువ్వకు కోపం పొంగుకొచ్చింది.

"నువ్వు వింటావనే కదా చెప్దామనుకుంది! నువ్వు లేకుండా చెప్పడానికైతే ఇంటర్వెల్లోనే చెప్పేదాన్ని! నిన్నెవరో ఏదో అంటారని నేనెందుకు నోరు మూసుకోవాలి?"

నాన్న బ్రష్షులు పట్టుకుని పెరట్లోకి జారుకున్నాడు.

"వచ్చే వారం మళ్ళీ చెప్పవే. వింటాను," అంది అమ్మ మెల్లగా.

"చెప్పిన పుస్తకం మళ్ళీ చెప్పకూడదు. నువ్వు పెట్టిన నియమమే."

"అయితే ఇంకోటి చెప్పు. చెయ్యెత్తు, తప్పకుండా పిలుస్తా."

"ఎత్తను. కావాలంటే నువ్వే పిలువు," అని గువ్వ లోపలికెళ్ళి తలుపు వేసుకుంది.

తర్వాతి శుక్రవారం చాలా చేతులు లేచాయి. గువ్వ తన చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. టీచర్ అన్ని చేతుల వంకా చూసి, "గువ్వా, నువ్వు రా," అంది. బడిలో ఆమె ఆ ముద్దుపేరు పలకడం అదే మొదటిసారి. "కూతురు కదా మరి!" అన్నాడు మైకు, తన గొంతు తెలిసీ. అందరూ నవ్వారు. టీచర్ ముఖం కందిపోయింది. అయినా చేతిలో కాగితాలేవీ లేకుండా, ముందు వరసలో చిన్నపిల్లల మధ్య నేల మీద చతికిలబడింది.

గువ్వ చేతిలో ఉన్నది ఆ ఉదయం హడావిడిగా బీరువాలోంచి లాగిన పల్చటి పుస్తకం. బాగానే ఉంటుంది గానీ, సొరంగం పుస్తకానికి సాటిరాదు. ఆ సంగతి గువ్వ దాచలేదు.

"ఇది నాకు రెండో ఇష్టమైన పుస్తకం," అని మొదలుపెట్టింది, అమ్మ కళ్ళలోకి సూటిగా చూస్తూ.