పిట్ట పొట్ట మీది గీత

మా ముత్తాతలకు ముత్తాత ఆ కోటను ఒంటిచేత్తో కట్టాడనీ, సున్నం చాలకపోతే మేఘాన్ని కిందికి లాగి కలిపాడనీ మా చిన్నదానికి ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతున్నాను. మేఘం సంగతి ఎనిమిదో ఏట నమ్మడం మానేసింది గానీ ముత్తాతను వదల్లేదు. బడి నిండా చాటింది. వాళ్ల పంతులమ్మ, "సెలవుల్లో చూసొచ్చి క్లాసులో చెప్పు" అందట. అందుకే మా ఆవిడతో కలిసి ముగ్గురం బయల్దేరాం.

నిజానికి మా తాతలు గాడిదలు కాసినవాళ్లు. నేనే, పెళ్లికి ముందు, ఆ కోట మరమ్మతుకు నెల్లాళ్లు తాపీ పనికి వెళ్లాను. ఇంట్లో చెప్పలేదు. కూలికి వెళ్లానంటే కథ చప్పబడిపోదూ!

కోటలో మ్యూజియం పెట్టారు. చివరి గదిలో గోడ మీద ఒకచోట అద్దం పలక బిగించి, పైన లైటు వేశారు. గైడు కర్రతో చూపించాడు.

"కట్టినవాడి గుర్తండీ ఇది. నాలుగొందల ఏళ్ల నాటిది. పిట్ట పొట్ట మీద అడ్డగీత చూశారా? బాణం దెబ్బ! యుద్ధంలో ఓడిన రాజుగారి బాధంతా అందులో ఉంది."

దగ్గరికి వెళ్లి చూశాను. తాపీతో రెండు గీతలు గీస్తే రెక్కలు, పచ్చి సున్నంలో బొటనవేలు నొక్కితే పొట్ట. సంతకం రాని నేను కట్టిన ప్రతి గోడకూ పెట్టే గుర్తు అది. మా వంటింటి గోడకూ ఉంది.

చిన్నది గంతేసింది. "నాన్నా, మన పిట్ట! గైడుగారూ, ఇది మా ఇంటి గుర్తండీ! మా ముత్తాతదే!"

జనమంతా నావైపు తిరిగారు. గైడు చేతులు జోడించాడు. "మీ వంశమేనా అండీ! ఉండండి, ఆఫీసరుగారిని పిలుస్తా."

మా ఆవిడ నా చెవిలో గొణిగింది. "గాడిదలు గోడెక్కాయేంటి?"

చిన్నది నోటుబుక్కు తెరిచింది. "ముత్తాత పేరేంటి నాన్నా? రాసుకుంటా."

ఎన్ని పేర్లయినా అల్లగలను. కానీ అది పెన్ను పట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

"ముత్తాత కాదమ్మా. నేనే."

అందరూ పకపకా నవ్వారు. "భలేవారే! మీకు నాలుగొందల ఏళ్లా?" అన్నాడు గైడు.

బొటనవేలు తిప్పి, లోపలివైపు అందరికీ కనిపించేలా అద్దానికి ఆనించాను. ఎప్పుడో ఇటుక చెక్కుతుంటే తెగిన మచ్చ, అడ్డంగా. లోపల బాణం దెబ్బ, బయట నా వేలు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

గైడు కర్ర దించేశాడు. "పన్నెండేళ్లుగా చెబుతున్నానండీ, ఆ బాణం సంగతి," అన్నాడు మెల్లిగా. కోప్పడి ఉంటే బాగుండేది.

చిన్నది బుక్కు మూసేసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. సగం దూరం వచ్చాక, "బడిలో ఏం చెప్పను?" అంది.

"నిజం చెప్పమ్మా."

"ఇంకేమేం నిజం కాదో నువ్వు చెబితే కదా."

బొటనవేలు గుప్పిట్లో దాచుకుని కూర్చున్నాను.