వాన చేపలు

ఆకాశం మబ్బు పట్టిందంటే రంగుల ఫ్యాక్టరీలో అందరికంటే ముందు సంబరపడేది వాల్వు మేస్త్రీయే. మామూలు రోజుల్లో మురుగు ట్యాంకు వాల్వు విప్పితే ఏరంతా రంగు తేలి నలుగురి కంట్లో పడుతుంది. వాన పడితే ఏరే బురదగా ఉంటుంది కనుక ఆ గొడవ లేదు. శుద్ధి చేసే పని వానే ఊరికే చేసిపెడుతోందని మేనేజరు నవ్వేవాడు. మేస్త్రీ కూడా నవ్వేవాడు. అంత పెద్ద ఏరు, నాలుగు మలుపులు తిరిగేసరికి తనను తానే కడుక్కుంటుందని ఆయన నమ్మకం. నమ్మకం అనడం కూడా మర్యాదకే. ఆ మలుపుల అవతల ఏముందో ఆయన ఏనాడూ వెళ్లి చూడలేదు.

చూసే రోజు రానే వచ్చింది. బస్సు డ్రైవరైన అల్లుడికి దిగువ ఊరికి బదిలీ అయింది. ఏటి ఒడ్డునే ఇల్లు దొరికిందని కూతురు ఫోన్‌లో మురిసిపోయింది. రాత్రి వానలో వాల్వు విప్పి, తెల్లవారాక డ్యూటీ దిగి, మనవరాలికి బిస్కెట్లు కొనుక్కుని మేస్త్రీ బస్సెక్కాడు.

మధ్యాహ్నం కూతురు చేపల కూర వడ్డించింది.

"ఇక్కడ మాకు బాగా కలిసొచ్చింది నాన్నా. గట్టి వాన పడిన మర్నాడు చేపలు వాటంతటవే పైకి తేలతాయి. వల కూడా అక్కర్లేదు, బుట్ట చాలు. వాన చేపలంటారు వీటిని."

మేస్త్రీ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"నాకు కడుపు బాగాలేదమ్మా. ఉత్త అన్నం చాలు."

"దీనికీ అంతే. మొన్నటి వానప్పుడు ఒకటే వాంతులు" అంటూ ముల్లు తీసిన ముక్క పాప నోట్లో పెట్టింది.

అప్పుడు కూడా ఆయనకు ముందు ఉద్యోగం గుర్తొచ్చింది, మేనేజరు గుర్తొచ్చాడు. చెప్పుకోవడానికి సిగ్గుచేటు గానీ, అవన్నీ గుర్తొచ్చేలోపు పాప ఆ ముక్క మింగేసింది. రెండో ముక్కకి ఆయన కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"పెట్టకమ్మా. ఆ చేపలు వానకి తేలలేదు. నేను వదిలినదానికి చచ్చి తేలాయి."

అంతా విన్నాక కూతురు అరవలేదు. పాప నోరు కడగబోయి, ఆ నీళ్లూ ఏటివేనని గుర్తొచ్చి చెంబు కింద పెట్టేసింది.

"పక్కింటి పిల్లకీ వాంతులే నాన్నా. మేమిక్కడికి రాకపోయుంటే, వచ్చే వానకీ విప్పేవాడివే కదా?"



సాయంత్రం మళ్లీ మబ్బు పట్టింది. మేస్త్రీ ఫ్యాక్టరీకి ఫోన్ చేసి, వాల్వు విప్పించవద్దని, తన మనవరాలు కింది ఊళ్లోనే ఉందని బతిమాలాడు.

"ముందే చెప్పొద్దూ మేస్త్రీ" అన్నాడు మేనేజరు ఎంతో ఆప్యాయంగా. "రేపు చేపలు తినొద్దని మీవాళ్లకి చెప్పు, సరిపోతుంది."

ఫోన్ పెట్టేశాక కాసేపటికి వాన మొదలైంది. మేనేజరును తిట్టుకోవడానికి మేస్త్రీకి నోరు రాలేదు. నిన్నటిదాకా తన మాటా అదే. ఏట్లో వదిలింది ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి కంచంలోకి చేరుతుంది. ఆ కంచం మన బిడ్డది కాకపోతే చాలని అనుకున్నంత కాలం ఏ నదీ బాగుపడదు.