పిల్లల బట్ట విప్పడానికే వస్తుంది

స్కర్టు నడుము దగ్గర లోపలికి పట్టి కుడుతుంటే దారం తెగింది. మళ్ళీ ఎక్కించి తొక్కింది. మళ్ళీ తెగింది. పదిహేనేళ్ళుగా తొక్కుతున్న మిషను, దాని అలకలన్నీ ఆమెకు తెలుసు. ఇది అలక కాదు. బట్ట మందమైపోయింది. మూడు వారాల్లో అదే చోట మూడోసారి బిగిస్తోంది మరి. మడత మీద మడత పడి సూది దిగనంటోంది.

ఆమె కాలు తీసేసి, ఆ మందాన్ని బొటనవేలితో నొక్కి చూసింది.

పని నేర్పిన పిన్ని మొదటి రోజే చెప్పిన మాట ఒకటుంది. "పిల్లల బట్టకి ఎప్పుడూ లోపల గుడ్డ వదిలిపెట్టవే. పెద్దవాళ్ళ బట్ట ఎటైనా రావచ్చు, పిల్లల బట్ట విప్పడానికే వస్తుంది." ఆ ఒక్క మాట మీదే ఆమె బేరం నడిచింది. వీధిలోని తల్లులంతా ఈమె దగ్గరికే రావడానికి కారణం ఆ లోపల వదిలిన రెండంగుళాలే. ఒక యూనిఫాం మూడేళ్ళు వస్తుంది. ఎవరి పిల్ల ఏడాదికి ఎంత పెరుగుతుందో కంటితో చూసి చెప్పగలదు. అలాంటిది, సొంత కూతురి స్కర్టు మొదటిసారి జారితే 'పొడుగు సాగుతోంది, అందుకే సన్నబడింది' అనుకుంది. రెండోసారి జారితే ఎండల మీదికి నెట్టేసింది. ఊరందరికీ టేపు పెట్టి కొలిచేది, కూతురికి మాత్రం రెండుసార్లూ చేతి అందాజుతో బిగించేసింది. కొలిస్తే అంకె బయటపడుతుంది. అంకె బయటపడితే ఏదో ఒకటి చెయ్యాలి.

ఆ పిల్లకి పదేళ్ళు. కుదురుగా ఒక చోట కూర్చోదని ఇంట్లో 'పిచ్చుక' అంటారు. మూడు వారాలుగా పిచ్చుక బడి నుంచి రాగానే మంచమెక్కుతోంది. దిగడం నీళ్ళ కోసం, బాత్రూము కోసం మాత్రమే. చెంబుకి చెంబు తాగేస్తోంది. తాగిందంతా గంటలో పోసేస్తోంది. "శరీరం తనను తాను కడుక్కుంటోంది, మంచి సూచన" అన్నారు ప్రార్థనా మందిరం పెద్దయ్యగారు, తల మీద చెయ్యి పెట్టి. ఇరవై ఒక్క రోజుల ప్రార్థన మొదలుపెట్టారు. అన్ని రోజులూ మందు ముట్టకూడదు. ఆస్పత్రి గడప తొక్కితే అక్కడికక్కడే భంగం.

పెద్దయ్యగారు చెడ్డవాడు కాదు. అదే చిక్కు. మోసగాడైతే ఆమె ఎప్పుడో పసిగట్టేది, బేరాల్లో నలిగిన మనిషి. ఆయన పైసా తీసుకోడు, పిల్ల కోసం నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాడు. మందిరం వాళ్ళ తెల్ల అంగీలు మాత్రం ఈమే కుట్టాలి, ఉతకాలి, ఇస్త్రీ చెయ్యాలి. దానికి సేవ అని పేరు. సేవకి కొలతలు ఉండవు.

మొన్న ఆస్పత్రి నర్సు ఒకావిడ కోటు తీసుకోవడానికి వచ్చింది. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళి, బాత్రూము తూము చుట్టూ చీమలు బారులు తీరి ఉండటం చూసింది. అత్తయ్య నవ్వుతూ, "మా పిచ్చుక పోసే చోటే పడతాయమ్మా. తియ్యటి పిల్ల కదా!" అంది. నర్సు నవ్వలేదు. వెళ్ళేముందు మిషను దగ్గర వంగి, "అక్కా, రక్తంలో చక్కెర చూపించారా? ఒక్క చుక్క చాలు. ఆలస్యం చెయ్యొద్దు" అంది.

ఆ మాట భర్త చెవిన పడింది. ఆయన తాళాలు బాగుచేస్తాడు. తాళంచెవి పోయిన ప్రతివాడూ ఆయన దగ్గరికే పరిగెత్తుకొస్తాడు. మెత్తటి మనిషి, కూతురంటే ప్రాణం. రోజూ తెల్లవారకుండా లేచి ఆ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంటున్నాడు. మోకాళ్ళు కాయలు కాశాయి.

"నీ మొహంలోనే కనబడుతోంది" అన్నాడు నర్సు వెళ్ళాక. "ఇంటిల్లిపాదీ ఒక మాట మీద ఉంటేనే గదా దేవుడి దయ దిగేది! ఒక్కరికి సందేహం ఉన్నా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టేనన్నారు పెద్దయ్యగారు. ఆ చిల్లు నువ్వు కాకు."

"ఒక్క చుక్క రక్తమే కదండీ."

"మా అన్నయ్యకీ ఒక్క సూదే అన్నారు. ఆస్పత్రికి ఎత్తుకెళ్ళారు, గుడ్డలో చుట్టి ఇచ్చారు. అదే జ్వరం నాకొస్తే అమ్మ ప్రార్థన చేసింది. నీ ఎదురుగా నిలబడ్డాను. ఇంకేం రుజువు కావాలి నీకు?"

కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ వింటున్న కథే అది. ఆ ఇంటి పునాది అది. ఆ కథ చెప్పేటప్పుడు అత్తయ్య ఎప్పుడూ గోడ వైపు చూస్తుందని మాత్రం ఆమె గమనించింది. దుఃఖం అనుకుంది.

ఈరోజు పంతొమ్మిదో రోజు. పదకొండింటికి మందిరం నుంచి ముప్ఫై మంది వస్తున్నారు, పిల్ల మంచం చుట్టూ నిలబడి ప్రార్థించడానికి. వాళ్ళని పిలుచుకు రావడానికి ఆయన పొద్దున్నే వెళ్ళాడు. వెళుతూ, "ముప్ఫై మందికి టీ. అంగీలు పన్నెండు, ఇస్త్రీ చేసి ఉంచు. పిల్లకి ఆ స్కర్టు వెయ్యి, నలుగురిలో నీటుగా ఉంటుంది" అని మూడు పనులు చెప్పాడు. మూడూ ఆమెవే.

సూది దిగని స్కర్టు వదిలేసి, మెడలో వేలాడుతున్న టేపు తీసుకుని లోపలికి వెళ్ళింది.

పిచ్చుక కళ్ళు మూసుకుని ఉంది. తెల్లవారుజాము నుంచి రెండుసార్లు వాంతి. పడుకున్న పిల్ల పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. నోటి నుంచి మగ్గిపోయిన పండు వాసన. ఆమె టేపు నడుము చుట్టూ తిప్పి, చదివి, మళ్ళీ తిప్పింది. బడి తెరిచినప్పుడు ఇరవై మూడు. ఇప్పుడు పంతొమ్మిదిన్నర. పిల్ల ఎనిమిదో ఏట వేసుకున్న గౌను కొలత కంటే తక్కువ. పెరగవలసిన పిల్ల వెనక్కి వెళుతోంది.

"అమ్మా."

"ఊఁ, చెప్పమ్మా."

"నాకు నమ్మకం ఉందమ్మా. నిజం. నాన్న చెప్పినట్టే గట్టిగా పెట్టుకుంటున్నా." మధ్యలో ఊపిరి కోసం ఆగింది. "నాది సరిపోవట్లేదా?"

ఆమె చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. ఇన్ని రోజులూ నమ్మకం తక్కువైంది తనకే అనుకుంటూ, ఆ నింద తానే మోస్తున్నాననుకుంది. పిల్ల కూడా మోస్తోంది, ఈ పంతొమ్మిదిన్నర అంగుళాల నడుముతో.

"నీ దగ్గర ఏం తక్కువ లేదు. తక్కువైంది వేరే" అంది. దుప్పటి చుట్టి పిల్లని భుజాన వేసుకుంది. చేతికి బరువే తెలియలేదు.

వీధి గుమ్మంలో అత్తయ్య నిలబడి ఉంది. చేతిలో టీ గ్లాసుల పళ్ళెం.

"ఎక్కడికే?"

"ఆస్పత్రికి."

"ఇంకా రెండు రోజులే కదా ఉంది."

"పిల్లకి లేదు అత్తయ్యా. అడ్డం లేవండి."

అత్తయ్య కదల్లేదు. పిల్ల రొప్పు వింటోంది. ఈసారి గోడ వైపు చూడలేదు. పళ్ళెం నేల మీద పెట్టింది.

"మా పెద్దాడూ ఇలాగే రొప్పాడు" అంది. "తొమ్మిదో రోజున."

"ఏంటి?"

"జ్వరం వచ్చిన రోజే మీ మామయ్య తీసుకెళ్దామన్నారు. నేనే అడ్డం కూర్చున్నాను, ఇదిగో, ఇలాగే. తొమ్మిది రోజులు. పదో రోజున ఎత్తుకెళ్తే, ఇప్పుడా తెచ్చేదని డాక్టరు నా మీద అరిచాడు. ఆస్పత్రి చంపలేదే వాణ్ణి. నేనే ఆపాను. చిన్నాడికి జ్వరం దానంతటదే తగ్గింది. ఇలా చెప్పుకుంటే బతకగలిగాను, అలాగే చెప్పుకున్నాను. వాడు నిజమనుకున్నాడు." చెంగుతో మొహం తుడుచుకుని గుమ్మం వదిలింది. "నువ్వు పద. ఆ వచ్చేవాళ్ళకీ, వాడికీ నేను చెబుతాను. పరిగెత్తవే!"

ఆమె పరిగెత్తింది. రోడ్డు మీద మొదట కనబడిన బండిని ఆపింది.

ఆస్పత్రిలో వేలికొన మీద ఒక్క చుక్క తీశారు. అంకె చూసి డాక్టరమ్మ మారు మాట్లాడకుండా పిల్లని లోపలికి తీసుకుపోయింది. ఆ తర్వాత వచ్చి అడిగింది: "ఎన్నాళ్ళ నుంచి సన్నబడుతోందమ్మా?" ఎవరినడిగినా 'ఏమో, ఈమధ్యనే' అంటారట. ఆమె మాత్రం స్కర్టుకి వేసిన కుట్లు గుర్తుతెచ్చుకుని వారాల వారీగా చెప్పింది: మొదటి వారం అంగుళం, రెండో వారం అంగుళం, మూడో వారం ఒకటిన్నర. చెబుతుంటే తెలిసింది, తనకు మొదటి నుంచీ తెలుసని. ఆ నిజాన్ని ఎవరి మీదికీ నెట్టలేదు.

మధ్యాహ్నానికి ఆయన వచ్చాడు. నడవాలో నడుము దగ్గరి తాళంచెవుల గుత్తి చప్పుడు విని గుర్తుపట్టింది. ఎవరినడిగి తెచ్చావని అరుస్తాడనుకుని జవాబు సిద్ధం చేసుకుంది. ఆయన అరవలేదు. బల్ల మీద పక్కన కూర్చుని, "అమ్మ చెప్పింది" అన్నాడు. తర్వాత లోపలి గది తలుపు వైపు చూస్తూ, "బతుకుతుందా?" అన్నాడు.

"బతుకుతుందంటున్నారు. రోజూ సూది వెయ్యాలట, జీవితమంతా."

"ప్రార్థన చేసుకోనా?"

"చేసుకోండి. ఎవరు వద్దన్నారు? సూదికి మాత్రం అడ్డం కూర్చోకండి."

రెండు నెలలు గడిచాయి. ఆయన మందిరానికి వెళ్ళడం మానలేదు. పొద్దునా సాయంత్రం సూది వేసేటప్పుడు మాత్రం పిల్ల రెండో చెయ్యి పట్టుకుని కూర్చుంటున్నాడు. ఒకనాడు మందిరం నుంచి అంగీల మూట తెచ్చి, ఎప్పటిలాగే మిషను మీద పెట్టబోయాడు. "అక్కడ వద్దు. వాళ్ళకీ చేతులున్నాయి, నేర్చుకోమనండి" అంది తలెత్తకుండా. ఆయన మూటని మళ్ళీ భుజానికెత్తుకుని, వచ్చిన దారినే తిరిగి పట్టుకెళ్ళాడు.

అప్పుడే బడి నుంచి వచ్చిన పిచ్చుక పుస్తకాల సంచి విసిరేసి, స్కర్టు నడుములో రెండు వేళ్ళు దూర్చి లాగుతూ విసుక్కుంది.

"అమ్మా, ఇది బిగుతైపోయింది. ఊపిరాడట్లేదు!"

"మళ్ళీ చెప్పు" అంది ఆమె.

"బిగుతైపోయిందీ! చెవుడా నీకు?"

అత్తయ్య పకపకా నవ్వింది. ఆమె స్కర్టు విప్పించి, ఒళ్ళో పరుచుకుని, కత్తెర మొనతో మూడో కుట్టు తెంపింది. తర్వాత రెండోది. తర్వాత మొదటిది.