చెప్పులేసుకొని ముట్టాల్సిన మిషను

ఎండాకాలం వస్తే చాలు, హరికిషన్ ఇంట్లో కూలర్‌ను ఎవరూ వట్టికాళ్లతో ముట్టరు. ముట్టుకుంటే జిల్లుమని షాక్ కొడుతుంది. సిద్దిపేటలో ఎలక్ట్రీషియన్లకు కరువు లేదు. అయినా పిలవడం దండగని, కూలర్ పక్కన ఒక జత రబ్బరు చెప్పులు పెట్టారు. ఏళ్లుగా అదే రిపేరు.

అలాంటి ఇంట్లో అతను పడకగది సుఖానికి మిషనొకటి తయారుచేశాడు. ఆన్‌లైన్లో తెప్పిస్తే పార్శిల్ వాళ్లమ్మే విప్పుతుంది. అందుకని మజ్జిగ చిలికే మిషన్ మోటారు తీసి స్టీలు గొట్టంలో బిగించాడు. భార్య అనూహ్యకు ఆలోచన నచ్చకపోలేదు. కానీ ముందు ప్లగ్గు పెట్టి గొట్టానికి టెస్టర్ ఆనించింది. టెస్టర్‌లో బల్బు వెలిగింది.

"సన్నగనే వెలుగుతుంది గద," అన్నాడు హరికిషన్. "కూలర్ ఇంతకన్న ఎక్కువ గుంజుతది."

"అయితే చెప్పులేసుకొని పండుకోవాల్నా?"

అతను నిజంగానే ఆలోచించాడు.

"గోడ కరెంటు నా ఒంటి దగ్గరికి రావద్దు," అంది అనూహ్య. "చిన్న బ్యాటరీది చెయ్యి. అంచులు గీసుకోవద్దు, పైన కండోమ్ తొడగాలె. లోపలికి జారకుండ అడుగు వెడల్పుండాలె. స్విచ్చు నా చేతిల. వేడెక్కితే బంద్."

"టెండర్ లెక్క చెప్తున్నవ్."

"ఒళ్లు నాది."

బ్యాటరీది తయారైంది. సంసారం బాగుంది. పాతదాన్ని మాత్రం, మోటారు మంచిదే కదా అని, హరికిషన్ లుంగీలో చుట్టి బీరువా మీద పెట్టాడు. ఆ ఇంట్లో పారేయదగ్గ వస్తువు ఇంకా పుట్టలేదు.

ఆదివారం పొద్దున అనూహ్య బెండకాయలు కోస్తుంటే ముందుగదిలో గర్రుమని మోత. వెళ్లి చూస్తే అత్తగారు కౌసల్యమ్మ బీరువా మీది ఆ గొట్టాన్ని మోకాలికి ఆనించుకుని కూర్చుంది. తలస్నానం చేసిన జుట్టు నుంచి నీళ్లు కారుతున్నాయి. రెండో చెయ్యి ఆసరాకు కిటికీ ఇనుప ఊచ వైపు పోతోంది.

"అత్తమ్మా, ఊచ ముట్టకుండ్రి."

"ఏమైతది బిడ్డా, చెప్పులేసుకున్న గద."

కాళ్లకు కూలర్ చెప్పులు ఉన్నాయి. ప్లగ్గు ఆమె వీపు వెనకుంది. ఆమెను పట్టి లాగితే తనకూ షాక్ కొడుతుంది. అనూహ్య మెయిన్ స్విచ్చు దగ్గరికి ఉరికింది. దాని మీద పారేయని పాత క్యాలెండర్లు వేలాడుతున్నాయి. గుత్తంతా పీకేసి మెయిన్ దించింది. మోత ఆగింది. వెనక్కొచ్చి చూస్తే అత్తగారి చెయ్యి ఊచ మీదే ఉంది.

"కరెంటు పోయిందా?" అంది కౌసల్యమ్మ. "మోకాలికి మంచిగుండె."

అనూహ్య ప్లగ్గు పీకి, కూరగాయల కత్తితోనే వైరు తెగ్గోసింది.

"మంచి సామాను ఎందుకు కోసినవ్? నా మోకాలి కోసం కొడుకు చేసిండని పక్కింటి ఐలవ్వకు చెప్పిన. ఆమె గూడ నొప్పులని వస్తుంది."

గుమ్మంలో నిలబడ్డ హరికిషన్ దగ్గరికొచ్చి భార్య చెవిలో గొణిగాడు. "బ్యాటరీదుంది గద. అదైతే షాక్ కొట్టదు. ఇద్దామా?"

చదువుతున్న అక్కలారా, అన్నలారా, ఐలవ్వ గేటు తీస్తోంది. అనూహ్య ఇప్పుడు ఎవరికి ఏం చెప్పాలి? మీకు దండం పెడతా, తోచినవాళ్లు తొందరగా చెప్పండి.