మాంసకృత్తులు

నా భార్య ఎల్లమ్మ మోకాలి కట్టు తడిసింది. కీలు మార్చే ఆపరేషన్ అయిన పదకొండో రోజు పొద్దున, నేను డ్యూటీకి పోదామని బూట్లు తొడుక్కుంటుంటే కనిపించింది. తెల్లటి కట్టు మీద తమలపాకంత తడి.

“ఇదేందే?”

“ఏం లేదు. నీళ్లు వడ్డట్టున్నయ్.”

“తానం జెయ్యకపోతివి, నీళ్లెక్కడియి?”

వేలు పెట్టి చూశాను. జిగటగా ఉంది. పసుపుపచ్చ. వాసన చూశాను, వాసన లేదు. అయినా బూట్లు విప్పేసి ఆటో పిలిచాను. డిశ్చార్జి రోజు పెద్ద డాక్టరు చెప్పిన మాటలన్నీ మరిచిపోయాను గానీ ఒక్కటి మరవలేదు. “కుట్ల దగ్గర తడి కనిపిస్తే ఒక్క పూట కూడా ఆగొద్దు” అన్నాడాయన. ఎందుకు ఆగొద్దో అడగడానికి అప్పుడు ధైర్యం చాలలేదు.

ఆమెను ఆటోలో కూర్చోబెట్టుకుని దవాఖానకు బయల్దేరాను, బోరబండ దాటాం. హైటెక్ సిటీ అద్దాల బిల్డింగులు కనిపించాక ఆమె మొహం ఇవతలికి తిప్పుకుంది. వాటిల్లో ఒకదాంట్లో పధ్నాలుగేళ్లు మెట్లు తుడిచింది ఎల్లమ్మ. ఎనిమిది లిఫ్టులున్నాయి దాంట్లో. లోపల పనిచేసేవాళ్లకు లిఫ్టులు, తుడిచేవాళ్లకు మెట్లు. ఆ మెట్లే ఆమె మోకాలిని అరగదీశాయి. నేను నల్లగండ్లలో ఒక అపార్టుమెంటు గేటు దగ్గర సెక్యూరిటీ. పొద్దంతా నిలబడి సలాం కొట్టే పని. నాకు మోకాళ్లు బాగానే ఉన్నాయి, చెడిపోయింది గుండె.

ఆ గుండె సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మూడేళ్ల కింద గేటు దగ్గరే కుప్పకూలాను. స్టెంటు వేశారు. నేను లోపల ఉన్న రెండు రోజులూ ఈమె బయట కూర్చుని మొక్కుకుంది. నేను బతికితే నీసు ముట్టనని. నేను ఇంటికొచ్చిన వారానికే గురువు దగ్గరికి పోయి తులసి మాల వేసుకుంది. నేనడిగానా? అడగలేదు. మన ప్రాణం కోసం ఇంకొకరు నోరు కట్టుకుంటే ఎంత బరువో మోసేవాడికే తెలుసు. ప్రతి ఆదివారం ముక్కుకు కొంగు చుట్టుకుని నాకు మటన్ వండిపెట్టేది. తినేవాణ్ణి. తింటూ తింటూ గురువును తిట్టేవాణ్ణి.

ఆపరేషన్‌కు ముందు రక్తం పరీక్ష చేసి, ఈమెకు ఒంట్లో బలం తక్కువుందన్నారు. ఆహారం గురించి చెప్పే సంయుక్త మేడం ఒక పొడి డబ్బా, ఒక కాగితం ఇచ్చింది. రోజూ రెండు పూటలా తాగాలి, ఆపరేషన్ అయ్యాక కూడా తాగాలి, లేకపోతే కోసిన చోట మానదని రెండు మూడు సార్లు చెప్పింది.

నేను ఆరో తరగతి సగంలో బడి మానేసినవాణ్ణి. ఇంగ్లీషు రాదు, తెలుగు కూడబలుక్కుని చదువుతాను. ఆ రాత్రి కాగితం తీసి నా చదువంతా చూపించాను. “మాం... స... కృ... త్తులు ఎక్కువగా తీసుకోవలెను.”

డబ్బా మూత తీస్తున్న ఎల్లమ్మ చెయ్యి ఆగిపోయింది. “ఏమన్నవ్? మాంసమా?”

మేడం ప్రోటీన్ అని చెప్పడం నేను విన్నాను. అది వేరే ఏదో అని నాకు లీలగా తెలుసు. తెలిసే అన్నాను. “మాంసమే. ఎండవెట్టి పొడిగొట్టి డబ్బల వోసిన్రు. నీ గురువునడుగు, మోకాలు ఆయన అతికిస్తడేమో.”

పక్కింటి మమత పకపకా నవ్వింది. ఎల్లమ్మ నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, “సరే, తాగుత తియ్యి” అంది.

ఆటో దిగి దవాఖానకు చేరాక పెద్ద డాక్టరు చలపతిరావు గారు కట్టు విప్పి చూశారు. కుట్ల చివర వేలితో నొక్కితే నీళ్లు చుక్కలుగా ఊరాయి. రక్తం తీశారు. మోకాల్లోకి సూది పెట్టి నీళ్లు లాగి పరీక్షకు పంపారు. రెండు గంటలైనాక నన్ను లోపలికి పిలిచారు. ఎల్లమ్మ మంచం మీదే ఉంది. సంయుక్త మేడం పక్కన నిలబడింది.

“పొడి తాగుతోందా అండి ఈవిడ?”

“తాగుతుంది సార్. డబ్బా ఒడిసిపోయింది.”

ఆయన మొహం ఇంకా బిగుసుకుంది. “అదే భయంగా ఉంది నాకు. తాగుతూ కూడా రక్తంలో ప్రోటీన్ ఇంత పడిపోయిందంటే లోపల ఇన్ఫెక్షన్ ఉందనుకోవాలి. పరీక్ష రిపోర్టుకు మూడు రోజులు పడుతుంది. అందాకా ఆగడం మంచిది కాదు. రేపు పొద్దున్నే తెరిచి కడుగుదాం. లోపల చెడిపోయి ఉంటే పెట్టిన కీలు తీసెయ్యాల్సి వస్తుంది.”

“తీసేస్తే ఎట్ల నడుస్తది సార్?”

ఆయన ఆపరేషన్ కాగితం నా ముందుకు జరిపారు. సంతకం పెట్టాల్సిన చోటు చూపించారు. పెన్ను పట్టుకున్నాను గానీ నా పేరులో మొదటి అక్షరం గుర్తుకు రాలేదు. కీలు తీసేసిన కాలు ఎలా వేలాడుతుందో కళ్ల ముందు కనిపిస్తోంది.

సంయుక్త మేడం మంచం దగ్గరికి పోయింది. “ఆంటీ, పొడి ఎలా ఉంది? తాగగలిగారా?”

“మంచిగనే ఉన్నది బిడ్డా. తియ్యగ.”

మేడం నా వైపు చూసింది. “నేనిచ్చింది తీపి లేనిది కదండీ.”

ఎల్లమ్మ నా చేతిలోని పెన్నునే చూస్తోంది. ఒక్కసారిగా రెండు చేతులూ జోడించింది.

“మల్ల కొయ్యకుండ్రి సారూ! నేను తాగలే. ఒక్క చెంచ గూడ తాగలే.”

“తాగలేదా? మరి డబ్బా ఏమైంది?”

“ఈయన జావల కలిపిన.”

ఎల్లమ్మ మంచాన పడ్డప్పటి నుంచి మమత కాచి ఆమె మంచం పక్కన పెడితే, రోజూ నేను సీసాలో పోసుకుపోయే జొన్న జావ. ఈ మధ్య చిక్కగా, పాలు పోసినట్టు ఉంటోంది. మమత పాలు కలుపుతోందేమో అనుకుని గేటు దగ్గర కూర్చుని చుక్క మిగల్చకుండా తాగాను.

“ఆయన జావలో ఎందుకమ్మా?” అన్నారు డాక్టరు గారు.

“ముక్క తినేటోడు ఆయనే గద సారూ. నేను మాల వేసుకున్న. పారవోస్తె పాపమని.”

“ముక్కేంటమ్మా?”

చెప్పక తప్పలేదు. “నేనే అన్న సార్. మాంసం పొడి అని. ఎక్కిరించిన.”

డాక్టరు గారు కళ్లజోడు తీశారు. నన్ను తిడతారనుకున్నాను, తిట్టినా బాగుండేది. “జ్వరం లేదు, చీము లేదు. సరిగా తినకపోవడం వల్లే గాయం మానలేదంటే నమ్మొచ్చు. రిపోర్టు వచ్చేదాకా ఇక్కడే ఉంచుతాను. రోజుకు మూడుసార్లు మా కళ్ల ముందు తాగాలి. నాలుగో రోజుకు తడి ఆగకపోతే మాత్రం నేనెవరి మాటా వినను, తెరుస్తాను.”

సంయుక్త మేడం గ్లాసులో కలిపి తెచ్చింది. ఎల్లమ్మ నోరు తెరవలేదు.

“ఇది పాలదే ఆంటీ. పాలు విరగ్గొడితే తేలే నీళ్లుంటాయి కదా, వాటి నుంచే తీస్తారు.”

“మరి మాంసమని రాసిన్రేంది?”

“ఆ పేరే అంత ఆంటీ. పప్పులో ఉండేదాన్ని కూడా మాంసకృత్తులనే అంటారు.”

“పప్పుల మాంసముంటదా? నన్నెందుకు ఏమారుస్తవ్ బిడ్డా?”

“ఎల్లీ, పాలదేనే. నేను తాగిన గద డబ్బంత. పాల లెక్కనే ఉండె.”

ఆమె నా వైపు తిరిగింది. “అప్పుడు మాంసమంటివి. ఇప్పుడు పాలంటున్నవ్. నీ మీద నువ్వు ఒట్టెయ్యి. తప్పుడు ఒట్టయితే పొయ్యేది నువ్వే.”

ఒట్లూ మొక్కులూ నేను నమ్మను. మూడేళ్లుగా అదే చెబుతూ తిరిగాను. అలాంటివాడికి చెయ్యి లేవలేదు. మేడం దగ్గర కొత్త డబ్బా తీసుకుని తిప్పి చూశాను. అన్నీ ఇంగ్లీషు అక్షరాలు, చీమల బారులా. ఒక మూల శాకాహారమని తెలిపే ఆకుపచ్చ చుక్క ఉంది. బిస్కెట్ ప్యాకెట్ చూసినా ఈ చుక్క కోసం వెతికే మనిషి ఎల్లమ్మ. ఆమెకు చూపించాను.

“చుక్క ఎవలైనా వేస్తరు. ఒట్టెయ్యి.”

మేడం చెప్పిన మాట, ఒక చుక్క, జావ తాగిన నా నాలుక. ఇంతకన్నా నా దగ్గరేమీ లేదు. వీటిలో ఒక్కటి తప్పైనా నేను నా చేతులతో ఆమె మొక్కు చెడగొట్టినట్టే. కానీ నాలుగో రోజు కత్తి ఇంకా దగ్గరగా ఉంది. నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. అరచెయ్యి చల్లగా తగిలింది.

“నా మీద ఒట్టు. పాలదే.”

ఆమె ముక్కు మూసుకుని గుటగుటా తాగింది.

తర్వాత మూడు రోజులూ అదే వరస. గ్లాసు దించీ దించగానే నా ఛాతీ వైపు చూసేది. “ఎట్లున్నది? గుండెల ఏమన్న అయితున్నదా?”

“ఏం గాలే. నీ మోకాలు సంగతి చూసుకో.”

అలా అన్నాను గానీ రెండో రోజు మధ్యాహ్నం ఎడమ వైపు సన్నగా పొడిచింది. గ్యాస్ అనుకున్నాను. అయినా వరండాలోకి పోయి గోడకానుకుని ఊపిరి లెక్కపెట్టుకున్నాను. ఆమెకు చెప్పలేదు. చెబితే తాగడం ఆపేస్తుంది.

మూడో రోజు సాయంత్రం రిపోర్టు వచ్చింది. నీళ్లలో సూక్ష్మక్రిములేవీ పెరగలేదట. అయినా తడి ఆగాలి.

నాలుగో రోజు పొద్దున చలపతిరావు గారు కట్టు విప్పారు. పై పొర పొడిగా ఉంది. నేను మంచం కాళ్ల వైపు నిలబడ్డాను. లోపలి పొర కుట్లకు అంటుకుని మెల్లగా ఊడింది. కింది రెండు కుట్ల దగ్గర దారమంత మరక. పాతదో కొత్తదో తెలియడం లేదు. ఆయన బొటనవేళ్లు రెండు వైపులా పెట్టి నొక్కారు. ఎల్లమ్మ “అమ్మా” అంది. నేను కళ్లు మూసుకున్నాను.

“రావట్లేదు,” అన్నారాయన. మళ్లీ నొక్కారు. “రావట్లేదండి. తెరవక్కర్లేదు. పొడి మాత్రం ఇంకో నెల ఆపొద్దు.”

ఎల్లమ్మ కాలు వైపు చూడనే లేదు. “నెలనా?” అని నా వైపు తిరిగింది. “నెల దినాలు పానంతోని ఉంటవా?”

“ఉంటనే,” అన్నాను. మేడం గ్లాసు నా చేతికిచ్చింది. ఎల్లమ్మకు అందిస్తూ, మొన్న పొడిచిన ఎడమ వైపు ఇప్పుడేమైనా అవుతోందా అని నేనే చూసుకున్నాను. రెండో చేత్తో మంచం కమ్మీ గట్టిగా పట్టుకున్నాను.