అరవై పైన

రోజుకు ముప్పై మంది గుండెలు చూసీ చూసీ నా గుండె మొద్దుబారిపోయింది. చీకటి గది, చేతికి జిగురు, మెడ నొప్పి, "ఏమైనా ఉందా మేడమ్?" అనే అదే ప్రశ్న. ఎకో తీసే ఉద్యోగం హాయి అని ఎవరైనా అంటే ఒళ్ళు మండిపోతుంది నాకు.

దానికి తోడు ఆ ఉదయం డాక్టరుగారు కొత్త పని నెత్తిన పెట్టారు. గుండె కండరం మందమయ్యే జబ్బున్నవాళ్ళలో ఎవరి గుండె ముందుముందు నీరసిస్తుందో చెప్పే ప్రోగ్రామ్ వచ్చిందట. "గుండె ఎంత శాతం రక్తాన్ని బయటికి నెడుతోందో, పాత రిపోర్టుల్లోని ఆ అంకెలు ఎక్కించమ్మా," అన్నారు.

అలా ఎక్కించాల్సినవాళ్ళ జాబితాలో మా బావ ఉన్నాడు. అక్క మొగుడు, క్రేన్ ఆపరేటర్. ఏటా నా దగ్గరికే వస్తాడు. నాలుగు రిపోర్టుల్లోనూ నా రాత ఒకటే: "అరవై పైన. బాగుంది." అరవై దాటితే చాలు, అసలు అంకె ఎవరు చూడొచ్చారని మా గదిలో అందరం అలాగే రాస్తాం. ప్రోగ్రామ్ మాత్రం అసలు అంకె ఇస్తే తప్ప కదలనంది. దాన్ని తిట్టుకుంటూ పాత వీడియోలు తీసి మళ్ళీ కొలిచాను.

డెబ్భై నాలుగు. డెబ్భై. అరవై ఆరు. అరవై ఒకటి.

ఈ జబ్బున్న గుండె మామూలు దానికన్నా గట్టిగా పిండుతుంది. దానికి అరవై ఒకటంటే బాగున్నట్టు కాదు, జారుతున్నట్టు. అది జారుతుంటే నేను బాగుందని రాస్తూ కూర్చున్నాను. రెండేళ్ళలో యాభై కిందికి పడి గుండె నీరసించే ప్రమాదం ఎక్కువని ప్రోగ్రామ్ ఎర్రగా చూపించింది.

వెళ్ళి డాక్టరుగారి ముందు తప్పు ఒప్పుకున్నాను. ఆయన తిట్టినా బాగుండేది. "ఇవాళే పిలిపించు," అన్నారంతే.

మధ్యాహ్నం బావ డ్యూటీ బట్టలతోనే వచ్చాడు. "ఏం మరదలా, ఏడాది తిరక్కుండానే నా మీద బెంగపెట్టుకున్నావా?"

"నోరు మూసుకుని ఎడమవైపు తిరిగి పడుకో బావా."

మూడుసార్లు కొలిచాను. యాభై ఆరు.

జరిగిందంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నాను. ఛాతీ తుడుచుకుంటూ, "ఈసారికీ అరవై పైన అని రాసెయ్యవూ?" అన్నాడు.

"పిచ్చా నీకు?"

"ఇది తెలిస్తే క్రేన్ ఎక్కనివ్వరే."

"ఆయాసం వస్తోందా?"

"నిచ్చెన సగంలో ఆగి ఎక్కుతున్నా. రెండేళ్ళయింది."

"మరి నాకెందుకు చెప్పలేదు బావా!"

"చెప్తే జాగ్రత్తగా చూస్తావుగా." చొక్కా అందుకున్నాడు. "మా ఇంటి పక్కనే ఆసుపత్రి ఉంది. రెండు బస్సులు మారి నీ దగ్గరికే ఎందుకొస్తానో ఎప్పుడైనా ఆలోచించావా? నువ్వు అలసిపోయి ఉంటావు. పైపైన చూసి బాగుందని రాసేస్తావు. ఆ కాగితం కంపెనీలో చూపిస్తే ఇంకో ఏడాది గడిచిపోతుంది."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఏడుపొచ్చింది నాకు. ఏడుస్తూనే యాభై ఆరు అని కొట్టాను.

బావ తెర వైపు చూడకుండా చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. "అక్కకి నువ్వే చెప్పు," అన్నాడు.