మూడో నంబరు పక్కన బొమ్మ

మా లాండ్రీలో మరకలు పోతాయి, మరలు ఆగుతాయి. నేను మడత బల్ల దగ్గర ఉంటాను. బట్టలు మడతపెడతాను, తీరికుంటే మాటలు కూడా. మర ఆగితే మెకానిక్కు మా ఫోన్ గ్రూపులో దాని నంబరు, పక్కన చక్రాల కుర్చీలో మనిషి ఎమోజీ పెడతాడు. అది మూలపడింది, ముట్టుకోవద్దని అర్థం. బాగవగానే ఆ మెసేజ్ తీసేస్తాడు. ఆ బొమ్మ సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

ఇస్త్రీ అక్క ప్రమాదం తర్వాత మొదటిసారి ఆ రోజు చక్రాల కుర్చీలో పనికొచ్చింది. ఆమెది మూడో నంబరు ఇస్త్రీ మర. "వారం చూద్దాం, కుదిరితే ఉండు" అన్నాడు యజమాని. గ్రూపులోనూ అప్పుడే చేర్చారు.

కాసేపటికే మూడో మరలో ఆవిరి కారింది. మెకానిక్కు అలవాటుగా గ్రూపులో మూడు అని కొట్టి, బొమ్మ పెట్టాడు.

అక్క దాని మీద గుండె గుర్తు పెట్టి నా వైపు తిరిగింది. "చూశావా తమ్ముడూ, నా చోటు నాకేనని ఎంత ముద్దుగా చెప్పారో. మీ బావగారికీ పంపించా. నన్ను మూలన కూర్చోబెడతారని పొద్దున్నుంచీ ఆయనకొకటే బెంగ."

"అవునక్కా" అన్నాను. అంత చప్పటి మాట నా నోట ఎన్నడూ రాలేదు.

మెకానిక్కు దగ్గరికి పరిగెత్తాను. "ఒరేయ్, ఆ మెసేజ్ తియ్యకు."

"తీసేశానన్నా. మర బాగైపోయింది. ఇప్పుడు ఐదోది ఆగింది, పెట్టాను."

వెనక్కి తిరిగేసరికి అక్క ఫోన్ చూస్తోంది. "నన్ను తీసేశారేంటి? ఐదులో ఎవరు చేరారు?"

ఐదు ఉతికే మర. తడిబట్టలు కడుపులో పెట్టుకుని కదలకుండా ఉంది. దాని ముందు కుర్చీ లేదు, మనిషీ లేడు. అక్క దాన్ని చూసింది, ఫోన్ చూసింది, మెకానిక్కుని చూసింది.

"పాడైతే ఇదా పెడతారు?"

"మరకి అక్కా, నీకు కాదు" అని వాడు నసిగాడు.

ఆమె కుర్చీ తోసుకుంటూ మూడో మర దగ్గరికి వెళ్లి చొక్కా పరిచింది. కాలర్ దగ్గర చెయ్యి ఆగింది.

"తమ్ముడూ, మీ బావగారికి పంపింది ఎలా తీసెయ్యాలో చూడు."

ఫోన్ అందుకున్నాను. బొమ్మ కింద ఆయన జవాబు అప్పటికే వచ్చేసింది: 'హమ్మయ్య. ఇంక నాకు దిగుల్లేదు.'

వేలు ఆ బొమ్మ మీదే ఉంచి, తీసెయ్యకుండా నిలబడ్డాను. అక్క నా వైపు చూడకుండా ఫోన్ కోసం చెయ్యి చాపింది.